సున్నపుకాయ చెప్పిన అంకె

వాకిలి మూసి 38వ రోజు

ఈ పుస్తకంలో అంకెలు తప్ప వేరే మాట రాయకూడదని ఒక నియమం ఉంది. పెట్టింది నేనే కాబట్టి తప్పేదీ నేనే. పొద్దున లేచినప్పటి నుంచి తల పగిలిపోతోంది. ఎవరి మీదైనా అరవాలనిపిస్తోంది. ఈ గదిలో అరవడానికి పుస్తకం తప్ప ఇంకెవరూ లేరు.

నా పేరు మద్దిలేటమ్మ. అడుగూరులో కొలతల మేస్త్రిని. పాత నాపరాయి గనిలో తొలిచిన ఈ ఊళ్ళో వీధికొక గాలి మీటరు చొప్పున మూడు వందల పన్నెండు మీటర్లున్నాయి. మనుషులు వదిలిన చెడుగాలి ఎంత పేరుకుందో అవి చెప్తాయి. బయటి గాలికి అంకె 540. రెండు వేలు దాటితే గంట మోగాలి. ఈ పొద్దు ఊరి పై, నడిమి, కింది వరసలు మూడింటిలోనూ 540కీ 570కీ మధ్యే ఉంది. చీటీ మీద సంతకం పెట్టాను.

మామూలు రోజుల్లో అయితే ప్రతి ఆదివారం తెల్లవారుజామున పెద్దవాకిలి ఒక గంట తెరుస్తాం. దాన్ని గాలిపొద్దు అంటాం. ఊరంతా చాపలు పట్టుకుని మెట్లెక్కి, దుప్పట్లు దులుపుకుని, పిల్లల్ని కాసేపు పరిగెత్తనిచ్చి, ఎండ రాకముందే దిగిపోతాం. ఈ ఏడు మంటకాలం ముందే వచ్చింది. దాని వెంట బూడిదగాలి కూడా వచ్చింది. ముప్పై ఎనిమిది రోజులుగా వాకిలి మూసే ఉంది. లోపలి గాలిని కడిగే పనంతా సున్నం గదిదే.

సర్పంచి బాలీశ్వరరెడ్డి నా అంకెల చీటీ చూసి గడ్డం గోక్కున్నాడు.

"మేస్త్రమ్మా, 540 అంటే బయట గాలి మాదిరే గదా. దినానికి ముప్పై తట్టల సున్నం ఇంగ యాల? ఇరవై నాలుగు చాలు. బట్టీకి పెట్టే కరెంటు నీళ్ళ మోటరుకు పనికొస్తాది."

చల్లనీళ్ళు లేక జనం అల్లాడుతున్నారు. నాకూ సబబే అనిపించింది. సరేనన్నాను.

మధ్యాహ్నం కింది వరసకు దిగి అత్తకు అన్నం ఇచ్చి వచ్చాను. ఆమె పేరు సుంకులమ్మ, డెబ్బై ఆరేళ్ళు. మా ఆయన పోయి తొమ్మిదేళ్ళయింది. నేనూ ఆమే మిగిలాం, పోట్లాడుకోవడానికి. పైన నా గదికి రమ్మంటే రాదు. కింద చల్లగా ఉంటుందట. ఇవాళ వక్కాకు వేసుకోబోతూ, అందులోకి సున్నం దాచుకునే సున్నపుకాయను మూత తీసి నా ముక్కు దగ్గర పెట్టింది.

"ఏమ్మే మేస్త్రమ్మా, ఊరి గాలంతా కొలుస్తాండావు గదా. నా సున్నం రెండు దినాలకే యాల రాయి అయితాందో రొంత కొల్చి చెప్పు."

"మూత సరిగ్గా పెట్టవు అత్తా."

"నీకు పెండ్లి గాకముందు నుంచి పెడ్తాండా మూత. నాకు నేర్పొచ్చినావా?"

వేలితో గోకితే పైన పెచ్చు లేచింది. నీళ్ళు కలిపి ఇచ్చి వచ్చేశాను.

వాకిలి మూసి 45వ రోజు

బడిలో పిల్లలు కూర్చున్న చోటే నిద్రపోతున్నారట. ఆసుపత్రి నర్సమ్మ తలనొప్పి మాత్రలు అయిపోయాయంటోంది. కొట్టులోంచి కొత్తగా తీసిన జొన్నపిండిలో ఏదో ఉందని జనం ఇంటింటా పిండి పారబోస్తున్నారు. నేనూ పారబోశాను.

మీటర్లు: 540 నుంచి 565.

సున్నం గది కాశింవలి వచ్చి నా బల్ల మీద ఒక తట్ట దించాడు. తట్టలో తెల్లగా రాయిలాంటి అట్ట ఉంది. ఇరవయ్యేళ్ళుగా తట్టలు మోసి మోసి మెడ వంగిపోయిన మనిషి, నన్ను అక్కా అని పిలుస్తాడు.

"చూడక్కా. సున్నం చెడుగాలి తాగితేనే రాయి అయ్యేది. ఇంతకుముందు తట్ట మూడు దినాలు వచ్చేది. ఇప్పుడు దినమున్నరకే గట్టి పడ్తాంది. తట్టలు తగ్గించమన్నోళ్ళు ఎవురు?"

"మీటరు 540 అంటే 540. సున్నం సరిగా కాలలేదేమో చూసుకో."

"నా బట్టీ మీద పెడ్తాండావా? నువ్వు పట్టిన కుందేలుకు ఎప్పుడూ మూడే కాళ్ళు గదక్కా."

తట్ట అక్కడే వదిలేసి పోయాడు. కోపం వచ్చింది. అయినా ఊరికే ఉండలేక పది వీధుల నుంచి పది మీటర్లు విప్పించి నా గదిలో వరసగా పెట్టాను. పదీ ఒక్కటే చెప్పాయి. ఒకటి 548, ఒకటి 551, అంతే తేడా. పది మంది సాక్షులు ఒకే మాట చెప్తుంటే ఇంక అనుమానం ఎందుకు? చీటీ మీద సంతకం పెట్టాను.

కాశింవలి మాట నిజమేమో అన్న ఆలోచన రాలేదని రాయను. వచ్చింది. పది మీటర్లు చూశాక పోయింది.

వాకిలి మూసి 53వ రోజు

తట్టలు పద్దెనిమిదికి తగ్గించారు. నా చీటీ చూసే తగ్గించారు.

ఒక విషయం గొప్పగా రాసుకుందామని ఈ పేజీ తెరిచాను. రోజూ పొద్దున అన్ని మీటర్లూ సరిగ్గా 540 దగ్గర నిలుస్తున్నాయి. ఇంత నికరంగా అవి ఎప్పుడూ లేవు. రెండేళ్ళ కిందటి దాకా నా బతుకు ఎట్లా ఉండేదో గుర్తొచ్చింది. కొలత తెలిసిన గాలి నింపిన సిలిండరును వీపున కట్టుకుని, ఒక్కో మీటరు ముక్కుకు గొట్టం పెట్టి, అంకె చూసి, మర తిప్పి సరిచేసేదాన్ని. రోజుకు పన్నెండు మీటర్లు. నెల తిరిగేసరికి మళ్ళీ మొదటిది. మోకాళ్ళు అరిగిపోయాయి. అప్పుడే మీటరు సెట్టింగుల్లో 'ఆటో క్యాలిబ్రేషన్' కనిపించింది. ఆన్ చేస్తే తనను తాను సరిచేసుకుంటుందట. మూడు వందల పన్నెండింటికీ ఆన్ చేసి, సిలిండరును వెల్డింగు షెడ్డుకు ఇచ్చేశాను. పంచాయతీలో నాకు శాలువా కప్పారు. ఆ రోజు అత్త, "పని తప్పించుకున్నోళ్ళకు శాలువా కప్పడం ఈ ఊర్లోనే చూసినా" అంది. ఇద్దరం నవ్వుకున్నాం.

అత్తకు ఇవాళ ఆయాసంగా ఉంది. మంచం మీది నుంచి లేచి చెంబు అందుకునేసరికి రొప్పుతోంది. నర్సమ్మ చూసి, వయసు మీద పడిందంతే అంది.

వాకిలి మూసి 61వ రోజు



పొద్దున అత్తకు గంజి తీసుకుపోయాను. పడుకునే ఉంది. సున్నపుకాయ నా చేతికిచ్చింది.

"తెల్లారకముందే తడిపి పెట్టుకున్నా. చూడు."

ఎండిన ముద్దలా ఉంది. గోరు దిగలేదు.

"దినం గాదు మ్మే, పూట గూడ రాలేదు. నేనేమన్నా గాలి ఊది రాయి చేస్తాండానా?"

నవ్వబోయి దగ్గింది. నేను ఆ కాయను మళ్ళీ గోరుతో గీరి చూశాను. సున్నం చెడుగాలి తాగితేనే రాయి అయ్యేది. కాశింవలి చెప్పాడు. తట్టలో చూపించాడు. అత్త ఇరవై మూడు రోజులుగా చెప్తోంది. గోడకు సున్నం కొట్టే ప్రతి కూలీకీ తెలిసిన సంగతి. మీటరు 540 అంటోంది కదా అని నేను ఇద్దరి నోళ్ళూ మూయించాను.

పైకి వచ్చి మీటరు వెంట వచ్చిన పుస్తకం బయటికి తీశాను. ఆటో క్యాలిబ్రేషన్ పేజీలో ఉంది, రెండేళ్ళ కిందట నేనే పెన్సిలుతో గీత గీసిన వాక్యం. 'మీటరు వారానికొక్కసారైనా బయటి గాలి చూడాలి. ఆ వారం చూడకపోతే, అప్పట్నుంచి గంట గంటకూ చూసిన అతి తక్కువ అంకెనే బయటి గాలిగా తీసుకుని 540గా సరిచేసుకుంటుంది.'

అప్పుడు చదివి, ఆదివారం ఆదివారం గాలిపొద్దు ఉండనే ఉంది కదా అనుకున్నాను. నిజంగానే ఉండేది. వాకిలి మూశాక అది ఆగిపోయింది. మీటర్లకు ఆ సంగతి ఎవరు చెప్పాలి? గంటంతా కుళ్ళిన గాలి పీల్చి, అందులో కాస్త తక్కువ కుళ్ళినదాన్ని మంచిగాలి అనుకుని 540 అని పేరు పెట్టుకున్నాయి. మరుసటి గంట దానికంటే చెడ్డదానికి అదే పేరు. ఊరు ఊపిరాడక తలలు పట్టుకుంటుంటే అవి రోజూ నికరంగా 540 చెప్పాయి. నేను దాన్ని గొప్పగా రాసుకున్నాను. దొంగకు తాళాలిచ్చి నిద్రపోయినట్టు చేశాను.

పది మీటర్లు పక్కపక్కన పెట్టి పదిమంది సాక్షులన్నాను. ఆ పదిమందికీ అబద్ధం నేర్పింది నేనే.

అదే రోజు, మధ్యాహ్నం

అనుమానంతో సర్పంచి దగ్గరికి పోలేను. ఆయనకు అంకె కావాలి. సిలిండరు ఖాళీ చేసి వెల్డింగు షెడ్డువాళ్ళు ఎప్పుడో బల్లకింద కాలుగా పెట్టుకున్నారు. అయినా చెడుగాలి లేని గాలి తయారు చేయడం నాకు తెలుసు. పెద్ద ఊరగాయ జాడీ తెచ్చాను, గాజుది. కాశింవలి దగ్గర అప్పుడే కాలిన సున్నం అడిగి, తడి చేసి, జాడీ అడుగున నాలుగు వేళ్ళ మందాన పరిచాను. పైన మీటరు పెట్టి మూత బిగించి మైనం పూశాను. లోపలి గాలిలో చెడుగాలినంతా సున్నం తాగేస్తే మీటరు సున్నా చూపాలి.

మొదట 552 ఉంది. నాలుగు నిమిషాలకు 90. తర్వాత సున్నా. ఆ తర్వాత అంకె పోయి గీతలు వచ్చాయి. సున్నా కంటే కిందికి పోయినప్పుడు మీటరు చూపించే గుర్తు అది. సున్నా కంటే తక్కువ గాలి లోకంలో ఎక్కడా లేదు.

వెంటనే రిమోటుతో ఆటో ఆఫ్ చేసి, రెండు గంటలు ఆగాక చేత్తో దాని సున్నాను అక్కడ కుదిర్చాను. మూత తీసి మీటరును గది మధ్యలో పెట్టాను.

2,000. 7,000. 13,000. చూస్తూ నిలబడ్డాను. 19,400 దగ్గర ఆగింది.

ఆటో ఆఫ్ చేసేటప్పుడు తెర మీద ఒక వరస కనిపించింది. 'ఆన్ చేసినది: మద్దిలేటమ్మ', కింద తారీఖు. ప్రతి మీటరులోనూ ఉంటుంది ఆ వరస. మూడు వందల పన్నెండు చోట్ల.

ఇక్కడ నిజం రాయాలి. వెంటనే పంచాయతీకి పోవాల్సింది. పోలేదు. ఒక్కసారి చూసిన అంకెను నమ్మకూడదు, రేపు ఇంకో మీటరుతో మళ్ళీ చూసి చెప్తాను అని నాకు నేనే చెప్పుకున్నాను. అది మేస్త్రి మాటలాగే ఉంది. కానీ కాదు, భయం. శాలువా కప్పిన చేతులతోనే నన్ను ఏం చేస్తారో అన్న భయం.

కిందికి పోయి, పైకి రా అత్తా, కాశింవలిని పిలుస్తా, ఎత్తుకుని తీసుకొస్తాం అన్నాను.

"రేపు పోదాంలే. ఇప్పుడు కండ్లు మూతలు పడ్తాండాయి" అంది. నేను రేపే అన్నాను. రేపు అన్న మాట ఇద్దరికీ కుదిరింది.

వాకిలి మూసి 62వ రోజు

రెండో మీటరు, రెండో జాడీ, 20,100.

అత్త లేవలేదు. పొద్దున ఆరింటికి గంజి తీసుకుని పోతే చెయ్యి చల్లగా ఉంది. సున్నపుకాయ దిండు పక్కన, మూత గట్టిగా బిగించి ఉంది.

నర్సమ్మ నా భుజం పట్టుకుని, "వయసు గదక్కా, గుండె నీరసం, ఎప్పుడైనా పోయేదే" అంది. మంచి మనసుతోనే అంది. నాకు ఆ సాకు అక్కర్లేదు. ఈ పుస్తకంలో ఆ సాకు రాయను.

పైకి వచ్చి, జాడీ చంకన పెట్టుకుని నేరుగా పంచాయతీ గదికి పోయాను. సర్పంచి, ఇంకో నలుగురు నీళ్ళ వంతుల గురించి మాట్లాడుకుంటున్నారు. మూత తీసి మీటరు బల్ల మీద పెట్టాను. అంకె ఎక్కడం మొదలైంది. ఐదు వేలు దాటాక అందరూ బల్ల మీదికి వంగారు.

"ఏందిది మేస్త్రమ్మా?"

"మనం పీలుస్తాండే గాలి."

బాలీశ్వరరెడ్డి గోడ మీది మీటరు చూశాడు. 556. బల్ల మీదిది చూశాడు. 18,700, ఇంకా ఎక్కుతోంది.

"ఊర్లో మూడు నూర్ల మీటర్లు అబద్ధం, నీ జాడీలోది ఒక్కటే నిజమా?"

"అవును. అబద్ధం నేర్పించింది నేనే." మొత్తం చెప్పాను. ఆటో సంగతి, నేను గీత గీసి వదిలేసిన వాక్యం, తట్టలు తగ్గించడానికి కారణమైన నా సంతకాలు. మోకాళ్ళ నొప్పి సంగతి మాత్రం చెప్పలేదు. అడగలేదు కాబట్టి.

ఒకాయన లేచి, "నీ సోమరితనానికి పిల్లోళ్ళను చంపుతావా?" అని అరిచాడు. అరవనిచ్చాను. వాకిలి దగ్గర కాపలా ఉన్నవాళ్ళతో సర్పంచి ఫోన్లో మాట్లాడాడు. బయట అప్పటికే నలభై తొమ్మిది డిగ్రీలు, బూడిద లేస్తోంది.

"ఇప్పుడు తెరిస్తే మంట, బూడిద అంతా లోపలికే. రేపు తెల్లార్తో తెరుద్దాం. అంతవరకు సున్నం తట్టలు నలభై పెట్టిస్తా. ఒక్క దినం ఆగితే ఏమయితాది?"

"నేను ఒక్క దినం ఆగినా రెడ్డీ" అన్నాను. "నిన్న మధ్యాన్నమే నాకు తెలుసు. నన్నెట్ల చూస్తారో అని ఆగినా. మా అత్త పొద్దున పోయింది. నువ్వు ఆగాకు."

 సర్పంచి బల్ల మీది అంకె చూశాడు. 20,200. తర్వాత లేచాడు.

"గోనెపట్టలు తడపండి. అందరినీ ముక్కులకు గుడ్డ కట్టుకోమనండి. తెరుస్తాండాం."

అదే రోజు, వాకిలి తెరిచాక

వాకిలి పూర్తిగా తెరవలేదు. ఇద్దరు మనుషులు పట్టేంత సందు తీసి తడి గోనెలు వేలాడదీశారు. కింది వరస నుంచి గాలిని బయటికి తోసేలా ఫ్యాన్లన్నీ తిప్పారు. గోనెలు పది నిమిషాలకే ఎండిపోతుంటే ఆడా మగా బిందెలు అందించుకుంటూ తడుపుతూ పోయారు. వేడి ముఖాన కొట్టింది. బూడిద పళ్ళ మధ్య కరకరలాడింది. ఆ గాలి పీల్చుకుని కొందరు ఏడ్చారు. రెండు నెలల తర్వాత తల తేలికైతే ఏడుపు వస్తుందని నాకూ తెలియదు.

నేను వాకిలి పక్కన గోడ మీటరు కింద నిలబడ్డాను, చేతిలో నా మీటరు పట్టుకుని. నాది 20,000 నుంచి మెల్లగా దిగుతోంది. గోడమీదిది 550 నుంచి నిమిషంలో సున్నాకు పోయింది. తర్వాత గీతలు. మెట్ల మీద వరసగా ఉన్న మీటర్లన్నీ ఒకదాని తర్వాత ఒకటి గీతలయ్యాయి. మంచిగాలి తగిలేసరికి ఒక్కటి కూడా అంకె చెప్పలేకపోయింది. జనం తలలెత్తి చూశారు, తర్వాత నన్ను చూశారు. నేను తల దించుకోలేదు. చూడాల్సింది నన్నే.

సాయంత్రానికి నా మీటరు 1,900. పిల్లలు లేచి కూర్చుని అన్నం అడిగారు.

పోయినవాళ్ళను బయట, గుట్ట వెనక పూడుస్తాం. వాకిలి మూసి ఉన్నన్నాళ్ళూ అది కుదరదు. ఈసారి తెరిచాక మొదట బయటికి పోయింది అత్తే. కాశింవలి, ఇంకో ముగ్గురు మోశారు. నేను వెనక నడిచాను. కాశింవలి దారంతా నాతో మాట్లాడలేదు. మట్టి వేశాక మాత్రం, "ముసలామె సున్నం సంగతి నాకు గూడ చెప్పింది. ఆమె మాట విని ఉంటే" అని ఆగిపోయాడు. మిగతాది నాకు తెలుసు.

వాకిలి తెరిచి 4వ రోజు

మేస్త్రి పని తీసేస్తారని సామాన్లు సర్దుకున్నాను. తీసేయలేదు. సర్పంచి చెప్పిన కారణం ఇది: "ఇంకెవురికీ రాదు. నిన్ను తీస్తే ఆ మీటర్లు మళ్ళీ వాటంతట అవే సరిచేసుకుంటాయి." క్షమించారని నేను అనుకోవడం లేదు.

శాలువా తిరిగిచ్చేశాను. తీసుకున్నారు.

జాడీతో వీధి వీధీ తిరుగుతున్నాను. ఆటో ఆఫ్, చేత్తో సున్నా, తర్వాతి మీటరు. ఇవాళ్టికి నలభై ఒకటి. మోకాళ్ళు అరుస్తున్నాయి. అరవనీ. రోజూ తెల్లవారుజామున, బూడిద ఉన్నా లేకపోయినా, గోనెలు కట్టి గంట సేపు వాకిలి తెరవాలని పంచాయతీ తీర్మానం చేసింది. అంకె ఎంతున్నా సరే.

వాకిలి తెరిచి 29వ రోజు

మూడు వందల పన్నెండూ అయ్యాయి. చివరికి మిగిల్చుకున్నది 207వది. కింది వరసలో, అత్త గది గుమ్మం పక్కన ఉండే మీటరు. ఆటో ఆఫ్ చేస్తుంటే నా పేరు మరోసారి తెర మీద కనిపించింది. చెరిపే బటన్ ఉంది. చెరపలేదు.

ఆ మీటరు కింద గోడకు చిన్న మేకు కొట్టి, అత్త సున్నపుకాయను దానికి వేలాడదీశాను. పొద్దున కాశింవలి ఇచ్చిన కొత్త సున్నంలో నీళ్ళు కలిపి అందులో నింపి, మూత తీసి పెట్టాను. సాయంత్రం పోయి గోరుతో గీరి చూశాను. ఆ వరసలో ఉండే ఒకామె ఏం చేస్తాండావక్కా అని అడిగితే, కొలుస్తాండా అన్నాను.

ఈ పుస్తకం మొదటి పేజీలో నిలువు వరసలు గీసి ఉంటాయి. మీటరు నంబరు, అంకె, సంతకం. ఇవాళ స్కేలు పెట్టి ఇంకో నిలువు వరస గీశాను.

మీటరు 207. అంకె 640. సున్నం మెత్తగా ఉంది. మద్దిలేటమ్మ.